కొండ నిలిస్తేనే గెడ్డ పారుతుంది

(రైతు సంఘం అధ్యయన తరగతుల్లో ‘మన ఏజెన్సీ – చరిత్ర, ప్రకృతి’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

 

ఏజెన్సీ చరిత్ర గురించి, అక్కడి ప్రకృతి గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను పదో తరగతి చదివిన మనిషిని. తాండవ కాలువ కింద వరి, చెరకు వేసుకునే రైతుని. సంఘం పని మీద ఇన్నేళ్లుగా కొండెక్కి దిగుతున్నాను కాబట్టి చూసిందీ, విన్నదీ, పుస్తకాల్లో చదువుకున్నదీ కలిపి చెప్తాను.

ఈ హాల్లో పల్లపు రైతులే ఎక్కువమంది ఉన్నారు. మీలో కొందరు నన్ను టీ దగ్గర అడిగారు: ‘మన గోల ఎరువుల గోల, ధర గోల, కాలువ పూడిక గోల. కొండ మీద 1/70 చట్టం సంగతి మనకెందుకండీ?’ అని. మంచి ప్రశ్న. ఈరోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే.

దూరపు కొండలు నునుపు

మనకో సామెత ఉంది, దూరపు కొండలు నునుపు అని. మనం ఏజెన్సీని అలాగే చూస్తాం. నర్సీపట్నం నుంచో, మాడుగుల నుంచో తలెత్తి చూస్తే నీలంగా ఒక గోడలా కనపడుతుంది. చలికాలం లంబసింగి మంచు చూడటానికి వెళ్తాం, అరకు రైలెక్కుతాం, బొర్రా గుహల ముందు ఫొటో దిగుతాం, సాయంత్రానికి దిగి వచ్చేస్తాం. అక్కడ మనలాంటి రైతే ఉన్నాడు, దుక్కి దున్నుతున్నాడు, అప్పు చేస్తున్నాడు, ధర రాక ఏడుస్తున్నాడు అన్న సంగతి మనకు తట్టదు.

ముందు ఆ నేల ఎలాంటిదో చూద్దాం. తూర్పు కనుమల్లో ఎత్తయిన భాగం మన ఉత్తరాంధ్ర మీదే ఉంది. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిటమోగొంది కొండలు. హుకుంపేట వైపు ఉన్న శిఖరం 1,600 మీటర్లు దాటుతుంది. ఈ కొండల్లో ఎక్కువగా కనపడే రాయిని శాస్త్రవేత్తలు ఖోండలైట్ అంటారు. అక్కడ నివసించే కోందు ప్రజల పేరే ఆ రాయికి పెట్టారు. మనిషి పేరు రాయికి పెట్టారు గానీ, ఆ రాయి మీద మనిషికి హక్కు ఉందని ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అక్కడ ఒక్క తెగ లేదు. భగత, కొండదొర, కోందు, వాల్మీకి, పోర్జ, గదబ, కోటియ, నూకదొర, కమ్మర ఉన్నారు. రంపచోడవరం వైపు వెళ్తే కొండరెడ్లు, కోయలు ఉన్నారు. తెలుగు ఒక్కటే కాదు, కువి మాట్లాడతారు, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. వాళ్ల సేద్యంలో నేల మూడు రకాలు. లోయలో గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా గట్లు కట్టుకున్న పల్లం, అందులో వరి. దానికి పైన గరువు, అందులో చోళ్లు, వలిసెలు, రాజ్‌మా, పసుపు, అల్లం. ఆ పైన వాలులో పోడు, అందులో సామలు, కొర్రలు, కందులు. ఇప్పుడు ఆ వాలుల్లో చాలాచోట్ల సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే పాకిన మిరియాల తీగ ఉన్నాయి.

ఇంజనీరు గీసిచ్చిన పటం లేకుండా, సిమెంటు బస్తా లేకుండా గెడ్డ నీటిని ఒక మడి నుంచి కింది మడికి, అక్కడి నుంచి ఇంకా కిందికి దించుకుంటూ పోతారు. సోదరులారా, మన కాలువల మీద నీటి సంఘాలు పెట్టి మనం ఏళ్ల తరబడి నేర్చుకున్నది వాళ్లు తరాల నుంచీ చేస్తున్నారు. చైత్రంలో ఇటుకల పండుగ నాడు విత్తనాలకు పూజ చేసి ఊరంతా పంచుకుంటారు. ఆ తర్వాతే విత్తు నేలలో పడుతుంది. కొత్త పంట చేతికొచ్చినప్పుడు ఊరంతా కలిసి కొత్త తినే పండుగలు చేసుకుంటారు. విత్తనం కంపెనీ సంచిలో కాదు, పండుగలో ఉంటుంది వాళ్లకు.

మన కాలువ ఎక్కడ పుట్టింది?

ఇప్పుడు నీళ్ల లెక్కకు వద్దాం. ఎవరి కాలువ ఎక్కడ పుట్టిందో ఎవరికి వారు గుర్తు చేసుకోండి.

అనకాపల్లి బెల్లం మార్కెట్టును నిలబెట్టిన చెరకు శారదా నది నీళ్లతో పెరిగింది. ఆ శారద మాడుగుల కొండల్లో పుడుతుంది. దాని మీద రైవాడ. వరాహ నది కొండల్లోంచే వస్తుంది. తాండవ రిజర్వాయరు కింద 50 వేల ఎకరాలకు పైబడి ఆయకట్టు ఉంది, నాతవరం నుంచి తుని వైపు దాకా. అందులో చేరే నీరు చింతపల్లి, కృష్ణదేవిపేట వైపు కొండల్లో కురిసిన వానే. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖపట్నంలో కుళాయి తిప్పుకునేవాళ్లు కూడా రైవాడ, తాటిపూడి నీళ్లు తాగుతున్నారు.

కొండకు అవతలి వైపు చూడండి. మాచ్‌ఖండ్ నది ఉంది. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అని మడుగు ఉంది కదా, అక్కడ చేపను దేవుడిగా చూస్తారు, పట్టరు. ఆ నదే ముందుకు పోయి సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి డెల్టా రైతు ఎవరైనా ఉంటే చెప్పండి, దాళ్వాకు నీళ్లెక్కడివి? ఎండలు ముదిరి గోదావరి సన్నబడితే ఇరిగేషన్ అధికారులు లెక్కేసేది సీలేరు నుంచి ఎంత నీరు వదులుతారని. కోనసీమలో దాళ్వా వరి కంకి ముంచింగిపుట్టు కొండ వానకు బాకీ ఉంది.

వాన పడేది నాలుగు నెలలు. మరి గెడ్డలో సంక్రాంతి దాటాక కూడా నీరెలా ఉంటుంది? ఈ కొండల్లో కొన్నింటి నెత్తిన బాక్సైట్, లేటరైట్ పొర టోపీలా ఉంటుంది. అది గట్టి బండ కాదు, బెజ్జాలున్న పొర. పైన అడవి, అడవి కింద ఆకుల మెత్త. వాన ఆ ఆకుల మీద పడి నెమ్మదిగా ఇంకుతుంది, ఆ పొరలో నిలుస్తుంది, దిగువన వాలులో ఊటై బయటికొస్తుంది. స్పాంజి నీళ్లు పట్టుకుని వదిలినట్టు. అందుకే ఏజెన్సీలో ఎన్నో ఊళ్లకు మోటారు అక్కర్లేకుండా పై ఊట నుంచి గొట్టం వేసి నీళ్లు దించుకునే పథకాలు పెట్టారు. కరెంటు బిల్లు లేదు, బోరు లేదు. ఊట ఉంటే నీళ్లు ఉంటాయి.

ఆ అడవి పోయిందనుకోండి, ఆ పొర తవ్వేశారనుకోండి. వాన పడటం మానదు. పడిన వాన పడినట్టే ఒక్క రోజులో మట్టితో సహా దిగుతుంది. వానాకాలం మన పొలం మునుగుతుంది, రిజర్వాయరు పూడుతుంది, మాఘమాసానికి కాలువ ఎండుతుంది. పూడిక తీయమని మనం ధర్నా చేస్తాం. ఆ పూడిక ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం అడగం.

‘ఏజెన్సీ’ అని ఎవరు పేరు పెట్టారు?

ఇప్పుడు చరిత్ర. ఏజెన్సీ అంటే మనవాళ్లు అదేదో కంపెనీ పేరనుకుంటారు. తెల్లవాడికి ఈ కొండలు మొదటినుంచీ మింగుడుపడలేదు. తిరుగుబాట్లు వస్తుంటే 1839లో ఒక చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు పాలన నుంచి తప్పించి, కలెక్టరుకే ‘ఏజెంటు’ అని హోదా ఇచ్చి సర్వాధికారాలు అప్పగించారు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది.

కింద జనం మీద ముఠాదారులు ఉండేవారు. కొన్ని ఊళ్లు కలిపి ఒక ముఠా, దానికొక ముఠాదారు. పైన మన్సబుదారో, జమీందారో. వాళ్ల పైన సర్కారు. రంప ప్రాంతంలో కల్లు గీసుకుంటే దాని మీద చిగురు పన్ను వేశారు. మనకు కల్లంటే తాగుడు. కొండ మీద ఎండాకాలం గింజలు అయిపోయాక జీలుగు కల్లే గంజి, అదే కూడు. కూటి మీద పన్ను అది. దానికి తోడు కల్లు పాటదారులు, పోలీసుల దోపిడీ. ఇంకొకటి కూడా ఉంది, ఇది మనం తలవంచుకుని వినాలి. పల్లం నుంచి వెళ్లిన వర్తకులు చిన్న చిన్న అప్పులిచ్చి, దూరంగా ఉన్న కోర్టుల్లో డిక్రీలు తెచ్చి, కొండ రైతు పశువుల్ని, మేకల్ని తోలుకుపోయేవారు. కోర్టు ఎక్కడుందో తెలియనివాడి మీద కోర్టు తీర్పు.

1879 మార్చిలో రంప పితూరీ లేచింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు నడిపించారు. పోలీసు ఠాణాల మీద పడ్డారు. గొలుగొండ, భద్రాచలం వైపు కూడా పాకింది. సైన్యాన్ని దింపితే గానీ అణచలేకపోయారు. 1880లో ఆ ఇద్దరూ చనిపోయారు.

అణిచాక ఏం చేశారు? 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. గీత గీసి, గీతకు అవతల అడవి సర్కారుది అన్నారు. నిన్నటిదాకా తాత పోడు కొట్టిన వాలులో నేడు మనవడు దొంగయ్యాడు. కట్టె కొడితే కేసు, మేక మేస్తే జుల్మానా. ఆ మాట ఈరోజు కూడా చెల్లుతోంది, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఫారెస్టు కేసులు మోస్తున్నారో వాళ్లకే తెలుసు.

ఆ తర్వాత 1922. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించారు. కొండ జనం చేత వెట్టి పని, సరైన కూలి లేదు, అడిగితే కొరడా. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు చేసిన అన్యాయాలు అందరికీ తెలిసినవే. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు కడుపు మండి ఉన్నారు. అల్లూరి సీతారామరాజు వాళ్లతో కలిశారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకుపోయారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, హతమయ్యారు. మలబారు పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని తెచ్చి కొండంతా గాలించారు. 1924 మే 7న రాజుగారిని పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాజుగారు మన పల్లంలో, పాండ్రంగిలో పుట్టినవారు. కొండెక్కిన పల్లపు మనుషులు ఎందరో ఉన్నారు. ఒకడు అప్పు చీటీతో ఎక్కాడు, ఒకడు గొడ్డలి కాంట్రాక్టుతో ఎక్కాడు. ఆయన కొండవాళ్ల పక్కన నిలబడటానికి ఎక్కారు. ఇప్పుడు ఒక జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం, 2022 ఏప్రిల్ 4న. పేరు పెట్టడం తేలిక. ఏ దారిన కొండెక్కాలి, అప్పు చీటీ దారినా, ఆయన దారినా అన్నదే మన ముందున్న ప్రశ్న.

చట్టం ఊరికే రాలేదు

కొండ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోతోందని తెల్లవాడు కూడా గుర్తించక తప్పలేదు. 1917లో ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాడి భూమి బయటివాడికి పోకూడదన్నారు. అనుమతి అన్న మాట ఉన్నచోట కన్నం ఉంటుంది. భూములు పోతూనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు పెట్టారు. 1959లో కొత్త రెగ్యులేషన్ వచ్చింది. అయినా ఆగలేదు.

ఇదే కొండల వరుసలో ఉత్తరాన, పార్వతీపురం ఏజెన్సీలో, గిరిజన సంఘం లేచింది. షావుకార్ల అప్పులు, వెట్టి, భూముల ఆక్రమణ, వీటి మీద. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు పోతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. శ్రీకాకుళం కొండలు అంటుకున్నాయి. ఆ మంటల తర్వాత, 1970 ఫిబ్రవరి 3 నుంచి, 1959 రెగ్యులేషన్‌ను గట్టిపరుస్తూ 1/70 అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి పోవడానికి లేదు. గిరిజనేతరుడి నుంచి ఇంకో గిరిజనేతరుడికి కూడా పోవడానికి లేదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఒకప్పుడు గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిది.

1/70 ఎవరి దయా కాదు. దాని వెనక రంప ఉంది, చింతపల్లి ఉంది, లేవిడి ఉంది.

తర్వాత 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసు తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర గనుల లీజుల మీద పుట్టిన కేసు అది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక ‘వ్యక్తే’, కాబట్టి ఏజెన్సీలోని సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వడానికి వీల్లేదని చెప్పింది. 1996లో పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి పది ఎకరాలకు మించకుండా పట్టా ఇవ్వాలంది. ఊరుమ్మడి అడవి మీద సాముదాయక హక్కు కూడా ఇవ్వాలంది. విడి పట్టాలు ఎంతో కొంత ఇచ్చారు. సాముదాయక హక్కుల దగ్గరే అధికారుల చెయ్యి వణుకుతోంది, ఎందుకంటే అది ఇస్తే గ్రామసభను అడగకుండా కొండను ఎవరికీ అప్పగించలేరు.

‘1/70 వల్ల అభివృద్ధి ఆగింది’ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. నేనొక్కటే అడుగుతాను. 1/70 ఆపేది భూమి చేతులు మారడాన్ని. రోడ్డు వేయొద్దని అందులో ఎక్కడుంది? ఆసుపత్రి కట్టొద్దని ఎక్కడుంది? ఈరోజుకీ నిండు గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగుతున్నారే, ఆ డోలీ కర్ర 1/70 చేసిందా? 1955లో మాచ్‌ఖండ్ నుంచి కరెంటు పుట్టింది. ఆ కొండల మధ్య తీగలు పల్లానికి పరిగెత్తుకొచ్చాయి. ఆ తీగల కింద ఊళ్లు దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డితోనే ఉన్నాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ ఓడరేవుకు చేరడానికి యాభైకి పైగా సొరంగాలు తొలిచి రైలు దారి వేశారు. సొరంగం తొలవడానికి అడ్డు రాని కొండ, బడికి రోడ్డు వేయడానికి అడ్డొచ్చిందా?

పోడు గురించి ఒక మాట

‘అడవిని నరికేది పోడు రైతే కదా’ అని ఇంకో మాట. సూటిగా మాట్లాడుకుందాం. పోడు వల్ల నష్టం లేదని నేననను. వాలు మీద చెట్టు లేకపోతే మట్టి కొట్టుకుపోతుంది, అది నిజం. కానీ పాత పద్ధతి చూడండి. ఒక వాలు నరికి, ఎండనిచ్చి కాల్చి, తొలకరికి చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లి, రెండు మూడేళ్లకు దాన్ని వదిలేసి ఇంకో చోటికి పోయేవారు. మొదళ్లు పెకలించేవారు కాదు. మళ్లీ చిగురేసి అడవయ్యేది. తిరిగి అక్కడికి వచ్చేసరికి ఏళ్లు గడిచేవి.

మరి ఆ తిరుగుడు ఎందుకు తగ్గింది? రిజర్వు ఫారెస్టు గీతతో సగం నేల పోయింది. డ్యాముల కింద కొంత పోయింది. బయటివాళ్ల చేతుల్లోకి కొంత పోయింది. మిగిలిన చిన్న వాలునే మళ్లీ మళ్లీ కొట్టవలసి వచ్చింది. మన బీడు భూమినైనా ఆపకుండా దున్నితే సారం ఉంటుందా?

ఇంకో పక్క కాఫీ చూడండి. మన కొండల్లో కాఫీ మొదట 1898లో పాములేరు లోయలో వేశారంటారు. గిరిజన రైతుల వాలుల్లోకి అది బాగా వచ్చింది ఇటీవలి దశాబ్దాల్లోనే. ఈరోజు పాడేరు ఏజెన్సీలో లక్ష ఎకరాలకు పైబడి కాఫీ ఉంది. ఎకరం, రెండెకరాల చిన్న రైతులది. కాఫీకి నీడ కావాలి, నీడకు చెట్టు కావాలి. ఒకప్పటి పోడు వాలుల్లో ఈరోజు చెట్లు నిలబడ్డాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతిలో హక్కు, పంటకు ధర ఉంటే కొండ రైతే కొండను పచ్చగా ఉంచుతాడనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కొండ నెత్తిన కన్ను

ఇక ఇప్పటి ప్రమాదం. నేను ఇందాక చెప్పిన ఆ టోపీ పొర, నీళ్లు పట్టే పొర, అదే బాక్సైట్. అందుకే కంపెనీల కన్ను సరిగ్గా కొండ నెత్తి మీదే ఉంటుంది. జెర్రెల, గాలికొండ, రక్తకొండ, ఆ పేర్లు వినపడితే చాలు ఏజెన్సీ ఉలిక్కిపడుతుంది. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకానికి ఇస్తూ జీవో 97 తెచ్చారు. ఊరూరా జనం లేచారు, అన్ని పార్టీల గిరిజనులూ ఒక్కటయ్యారు. జీవోను పక్కన పెట్టక తప్పలేదు, 2019లో రద్దు చేశారు. అది గెలుపే. కానీ జీవో పోయింది గానీ బాక్సైట్ అక్కడే ఉంది, ఆశ కూడా అక్కడే ఉంది.

సరిహద్దుకు అవతల ఒడిశాలో రెండు కొండలు చూడండి. పంచపట్మాలి మీద 1980లలోనే తవ్వకం మొదలైంది. నియమగిరి మీద కోందులు ఒప్పుకోలేదు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది. పన్నెండు గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. కొండ మిగిలింది. ఆ గ్రామసభకు అధికారం ఇచ్చింది అటవీ హక్కుల చట్టమే.

ఇప్పుడు కొత్త పేరుతో వస్తున్నారు, పంప్డ్ స్టోరేజీ అని. కింద ఒక జలాశయం, కొండ మీద ఒక జలాశయం. కరెంటు చవగ్గా ఉన్నప్పుడు నీటిని పైకి తోడతారు, గిరాకీ ఉన్నప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడటానికి అయ్యే కరెంటు కన్నా వచ్చేది తక్కువే, ధరలో తేడా వాళ్ల లాభం. ఎర్రవరం, పెదకోట లాంటి చోట్ల ఈ ప్రాజెక్టులంటే గిరిజనులు వద్దని పోరాడుతున్నారు. ఎందుకు? పై జలాశయానికి గరువు పోతుంది, కాఫీ పోతుంది, సొరంగాల పేలుళ్లకు ఊటలు ఏమవుతాయో ఎవరూ పూచీ ఇవ్వరు. సౌర విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాదు. గ్రామసభ ముందుకు కాగితాలు తెలుగులో పెట్టి, ఊటల లెక్క చెప్పి, అడిగి చేయమంటున్నాను. రైవాడ ఆయకట్టు రైతులారా, మీ నదికి ఎగువన ఏం కడుతున్నారో తెలుసుకునే హక్కు మీకూ ఉంది. నాతవరం రైతులారా, మీ నెత్తిన లేటరైట్ తవ్వకాల గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అది కొండవాళ్ల గొడవ అని మనం ఊరుకుంటే, ఆ మట్టి దిగేది మన తాండవలోకే.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు. ఈ కొండ తవ్వితే మనకు ఎలుక కూడా దక్కదు. ఖనిజం వాళ్లకు, బురద మనకు.

సంత దగ్గర మన ముఖం

ఆఖరుగా, ధర సంగతి. వారపు సంతకు వెళ్లి చూడండి. తెల్లవారే సరికి దారి మొదట్లోనే మన పల్లపు వర్తకుడు త్రాసు పట్టుకుని నిలబడతాడు. గంపలో పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు, చింతపండు నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచొచ్చిన ఆడమనిషిని సంతలోకి పోనివ్వకుండానే బేరం కుదిర్చేస్తాడు. సాయంత్రం వెనక్కి మోసుకుపోలేదు కదా, ఇచ్చేస్తుంది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఈ దోపిడీని ఆపడానికే. అది కొనని చోట, కొన్నా డబ్బు ఆలస్యంగా ఇచ్చే చోట షావుకారు రాజ్యమే.

2025-26లో కేంద్రం చోళ్లకు క్వింటాకు 4,886 రూపాయలు, వలిసెలకు 9,537 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ఏజెన్సీ సంతల్లో ఆ ధర పెట్టి కొనే కేంద్రాలు ఎన్ని? మన వడ్లకు కేంద్రం తెరవకపోతే మనం రోడ్డెక్కుతాం. వాళ్ల చోళ్లకు ఎవరు ఎక్కాలి? గంజాయి మొక్క కొండెక్కింది ఎందుకని పోలీసుల్ని అడిగితే కేసుల లెక్క చెప్తారు. రైతు సంఘంగా మనం చెప్పవలసింది ఒకటే: కొనేవాడు ఇంటి ముందుకు వచ్చి డబ్బిచ్చేది ఆ ఒక్క పంటకే అయితే, మిగతా పంటల్ని అనాథల్ని చేసిందెవరు? జైలుకు పోయేది కొండ కుర్రాడు, డబ్బు చేసుకునేది కింద ఉన్నవాడు.

మనం చేయవలసింది

నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను. తీర్మానంగా రాసుకోండి.

ఒకటి, 1/70ని సడలించాలన్న ఏ ప్రతిపాదన వచ్చినా పల్లపు రైతుల తరఫున కూడా మన సంఘం వ్యతిరేకించాలి. కొండ రైతులు ఒంటరిగా కాదు, తాండవ, శారద, తాటిపూడి ఆయకట్టు రైతులు జెండా పట్టుకుని వాళ్ల పక్కన ఉండాలి.

రెండు, రావికమతం, రోలుగుంట, గొలుగొండ, వి.మాడుగుల మండలాల్లో షెడ్యూలులో చేరని కొండ గూడేలు ఉన్నాయి. అక్కడ గిరిజనులే ఉన్నా 1/70 రక్షణ లేదు. జీడి తోటలు వేసుకుని తరాలుగా బతుకుతున్న భూములు కాగితాల మీద ఎవరి పేర్లతోనో ఉంటున్నాయి. వాటిని ఐదో షెడ్యూలులో చేర్చాలని అడగాలి. అంతవరకు ఆ గూడేల రికార్డులు పరిశీలించే పని మన మండల కమిటీలే తీసుకోవాలి.

మూడు, అటవీ హక్కుల చట్టం కింద సాముదాయక హక్కుల దరఖాస్తులు ప్రతి గ్రామసభ నుంచి పెట్టించాలి. దరఖాస్తు నింపడం, పటం గీయడం, ఊటలు, గెడ్డలు గుర్తించడం, ఇందులో చదువుకున్న మన పల్లపు కుర్రాళ్లు సాయపడాలి.

నాలుగు, చోళ్లు, సామలు, వలిసెలు, రాజ్‌మా, పసుపు, కాఫీ కొనుగోలు కేంద్రాలు సంతల్లోనే పెట్టాలి, డబ్బు చేతికివ్వాలి. ఆ డిమాండు మన ధాన్యం డిమాండుతో పాటు ఒకే కాగితం మీద, ఒకే ధర్నాలో పెట్టాలి. వేరే కాగితం మీద రాస్తే మొదట చెత్తబుట్టలో పడేది ఆ కాగితమే.

మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. కొండ చట్టం మనకెందుకంటే, కొండ మీద రైతు నిలబడితేనే అడవి నిలబడుతుంది, అడవి నిలిస్తేనే ఊట ఉంటుంది, ఊట ఉంటేనే గెడ్డ పారుతుంది, గెడ్డ పారితేనే మన కాలువ. ఆ రైతును కదిపితే ఆ వరుసంతా కదులుతుంది, చివర్న ఉన్నది మనమే.

ప్రశ్నలుంటే భోజనాల తర్వాత మాట్లాడుకుందాం. కొండ నుంచి వచ్చిన మిత్రులు మాట్లాడవలసింది చాలా ఉంది, వాళ్ల సమయం నేను తినేయను.